పనికి తిరిగి వెళ్లిన పంతులమ్మ శత్రువు కాదు: మయన్మార్ జాతీయ ఐక్యతా ప్రభుత్వానికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జాతీయ ఐక్యతా ప్రభుత్వ మంత్రులకు, ప్రజా రక్షణ దళాల బాధ్యులకు,

విశాఖపట్నం నుంచి నమస్కారాలు.

2021లో అధికారం లాక్కున్న సైన్యానికి ఎదురుగా, ప్రజలు ఎన్నుకున్న ప్రతినిధులు ఏర్పాటు చేసుకున్న ప్రభుత్వం మీది, దాని సాయుధ బలం ప్రజా రక్షణ దళాలు. మీరు గెలవాలని కోరుకుంటూ ఈ లేఖ రాస్తున్నాను. సైన్యంతో రాజీ పడమని చెప్పడానికి రాయడం లేదు. ఆయుధాలు కింద పెట్టి కొవ్వొత్తులు పట్టుకోమని దూరం నుంచి నీతులు చెప్పే ఉద్దేశమూ లేదు. నా విన్నపం ఒక్కటే. సైనిక పాలన మీద ప్రభుత్వోద్యోగులు చేస్తున్న సమ్మె విరమించి బడికి వెళ్లిన పంతులమ్మను, కరెంటు బిల్లు వసూలుకు వచ్చిన ఉద్యోగిని, వార్డు కార్యాలయంలో సంతకాలు పెట్టే మనిషిని ‘దలాన్’ అని ముద్ర వేసి, వేగులవాళ్లని తీర్మానించి చంపే పద్ధతి మీ పోరాటంలోకి వచ్చింది. దాన్ని మీరు ఏ నసుగుడూ లేకుండా ఖండించాలి. ఆపించాలి. చేసినవారు మీ దళాల్లోనే ఉంటే బహిరంగంగా విచారించాలి. ఆ హత్యలు అన్యాయం. పైగా, సైన్యాన్ని నిజంగా వణికించిన మీ సహాయ నిరాకరణకు అవే గొడ్డలిపెట్టు అవుతున్నాయని నా గట్టి అభిప్రాయం.

సముద్రానికి ఈవలి ఒడ్డున ఉన్నవాళ్లకు ఇందులో ఏం పని అని మీరు అడగవచ్చు. మీ దేశంతో మా తీరానికి ఉన్న సంబంధం పాతది. పంతొమ్మిదో శతాబ్దం నుంచి కోరంగి, కాకినాడ, విశాఖపట్నం, కళింగపట్నం రేవుల్లో ఓడలెక్కి లక్షలమంది తెలుగువాళ్లు ‘రంగం’, అంటే ఇప్పుడు యాంగోన్ అంటున్న రంగూన్, వెళ్లారు. రంగూన్ బియ్యం మిల్లుల్లో పనిచేశారు, ఓడరేవులో బస్తాలు మోశారు. 1942లో జపాన్ బాంబులకు భయపడి కొందరు, 1960 దశకంలో నే విన్ సైనిక ప్రభుత్వం దుకాణాలనూ వ్యాపారాలనూ స్వాధీనం చేసుకున్నాక మరికొందరు తిరిగి వచ్చారు. మా కంచరపాలెంలో బర్మా క్యాంపు ఆ కుటుంబాల పేరు మీదే ఉంది. సైనిక పాలన అంటే ఏమిటో వాళ్లకు ఎవరూ పుస్తకాలు తెచ్చి చెప్పనక్కర్లేదు. ఇంకో సంబంధం కూడా ఉంది, అది చెప్పుకోవడానికి బాధగా ఉంటుంది. మా ఊళ్లోని హిందుస్థాన్ షిప్‌యార్డులో బాగుచేసిన సింధువీర్ జలాంతర్గామిని 2020లో భారతదేశం మీ దేశ నౌకాదళానికి అప్పగించింది. కొద్ది నెలలకే ఆ సాయుధ బలగాలు మీ ఓట్లను తొక్కి అధికారం లాక్కున్నాయి.

ఈ లేఖ చదివే తెలుగువాళ్ల కోసం కొంత గుర్తు చేస్తాను. 2020 నవంబరు 8న జరిగిన ఎన్నికల్లో ఆంగ్ సాన్ సూచీ పార్టీ ఎన్‌ఎల్‌డీ 396 స్థానాలు గెలిచింది. సైన్యం అండ ఉన్న యూఎస్‌డీపీకి దక్కినవి 33. పార్లమెంటులో నాలుగో వంతు స్థానాలు 2008 రాజ్యాంగం ప్రకారం ఎలాగూ సైన్యానివే, అయినా అది వాళ్లకు చాలలేదు. 2021 ఫిబ్రవరి 1 తెల్లవారుజామున, కొత్త పార్లమెంటు కూర్చోవలసిన రోజునే, జనరల్ మిన్ ఆంగ్ హ్లైంగ్ గెలిచినవాళ్లను నిర్బంధించి అధికారం చేజిక్కించుకున్నాడు.

ఆ తర్వాతి ఎనిమిది వారాల్లో మీ ప్రజలు చేసినదాన్ని నేను ఈనాటికీ గౌరవంతో తలుచుకుంటాను. ఫిబ్రవరి 2 రాత్రి ఎనిమిదింటికి యాంగోన్‌లో ఇంటింటా గిన్నెలు, పళ్లేలు మోగాయి. మరునాడు ప్రభుత్వ ఆసుపత్రుల వైద్యులు గుండెల మీద ఎర్ర రిబ్బన్లు పెట్టుకుని, సైనికాధికారుల కింద పనిచేయబోమన్నారు. వారం తిరగకుండా ఆ మాట ఉపాధ్యాయుల నోట, బ్యాంకు గుమాస్తాల నోట, విద్యుత్ ఉద్యోగుల నోట, రైల్వే కార్మికుల నోట వినబడింది. రైళ్లు ఆగిపోయాయి. కార్మికులను లొంగదీయడానికి మార్చి 10న సైన్యం యాంగోన్‌లోని మా హ్ల్వా గోన్ రైల్వే క్వార్టర్ల మీద పడింది. కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని రోడ్డున పడ్డాయి, బండి నడపడానికి మాత్రం వెళ్లలేదు. మే నెల నాటికి సమ్మె కారణంగా సస్పెండైన బడి ఉపాధ్యాయులు 1,25,000 మందికి పైగా ఉన్నారని మీ ఉపాధ్యాయ సమాఖ్య చెప్పింది. దేశంలో ఉన్న మొత్తం ఉపాధ్యాయులు సుమారు 4,30,000. అంటే పది మందిలో దాదాపు ముగ్గురు. ప్రపంచంలో ఎన్ని దేశాల్లో ఇంతమంది ప్రభుత్వోద్యోగులు జీతం, ఇల్లు, పింఛను వదిలేసి బయటికి వచ్చి ఉంటారు?

ఆ రోజుల్లో ఆడవాళ్లు తమ లుంగీలను వీధులకు అడ్డంగా తాళ్ల మీద ఆరేశారు. వాటి కింద నుంచి నడిస్తే మగవాడి శక్తి పోతుందన్న నమ్మకం ఉన్న సైనికులు ముందుకు రాలేక, వాటిని ఒక్కొక్కటిగా తొలగించుకుంటూ గంటలు పోగొట్టుకున్నారు. సైన్యం వాటా ఉన్న మయన్మార్ బీరును తాగడం జనం మానేశారు. ఆ కంపెనీలో భాగస్వామి అయిన జపాన్ సంస్థ కిరిన్ సైనిక తిరుగుబాటు జరిగిన వారంలోనే తెగతెంపులు ప్రకటించింది, 2023 జనవరికల్లా బయటికి వెళ్లిపోయింది. సైన్యం భాగస్వామిగా ఉన్న మైటెల్ సిమ్ కార్డులను జనం విరిచి పారేశారు. ఐక్యరాజ్యసమితిలో మీ రాయబారి చో మో తున్ ఫిబ్రవరి 26న సర్వప్రతినిధి సభలో ప్రతిఘటన గుర్తుగా మూడు వేళ్లు ఎత్తి నిలబడ్డాడు. ఆ కుర్చీని సైనిక ప్రభుత్వం తన మనిషికి ఇప్పించుకోలేకపోయింది. సైన్యానికి తుపాకులు, విమానాలు ఉన్నాయి. వెనక రష్యా ఉంది, చైనా ఉంది. ఆసుపత్రి నడపడానికి డాక్టర్లు లేరు, పన్ను కట్టే జనం లేరు, రైలు తోలే మనిషి లేడు. అప్పుడు మీరు కనిపెట్టిన బలం ఇదే.

దానికి సైన్యం ఇచ్చిన జవాబు కూడా అందరికీ తెలుసు. మార్చి 3న మాండలేలో పంతొమ్మిదేళ్ల చల్ సిన్ తలకు తూటా తగిలి చనిపోయింది. మార్చి 27, సైనిక దినోత్సవం నాడు ఒక్క రోజే వందమందికి పైగా చంపేశారు. ఏప్రిల్ 9న బాగోలో ఎనభై మందికి పైగా. ఆ నెలాఖరున జకార్తాలో ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్ నేతలు హింస ఆపడంతో మొదలయ్యే అయిదు అంశాల ఒప్పందం రాసుకున్నారు. మిన్ ఆంగ్ హ్లైంగ్ దానికి తల ఊపి ఇంటికి వెళ్లి, ఒక్క అంశాన్నీ పాటించలేదు. మీ యువకులు అడవిలోకి వెళ్లి కరెన్, కచిన్, కరెన్నీ జాతుల సాయుధ సంస్థల దగ్గర తుపాకీ పట్టడం నేర్చుకున్నారంటే వాళ్లకు వేరే దారి మిగల్చలేదు. సెప్టెంబరు 7న మీ తాత్కాలిక అధ్యక్షుడు దువా లాషీ లా ప్రజా రక్షణ యుద్ధం ప్రకటించినప్పుడు బయటి ప్రపంచంలో చాలామంది పెదవి విరిచారు. నేను విరవను. రజాకార్ల మీద తెలంగాణ పల్లెలు తిరగబడిన చరిత్ర మాది. ఊళ్లు తగలబెట్టే సైన్యం ఎదురుగా ఉన్నప్పుడు ఊరివాళ్లు బరిసెలు తీయడం తప్పని చెప్పే నోరు తెలుగువాడికి ఉండకూడదు. 2023 ఏప్రిల్ 11న సగాయింగ్‌లోని పాజీచీ గ్రామం మీద విమానాలు బాంబులు వేసి 160 మందికి పైగా, పిల్లలతో సహా, చంపేశాయి. ఆ ఊరివాళ్లకు అహింస బోధించడం నా వల్ల కాదు.

కాబట్టి నా ప్రశ్న తుపాకీ పట్టాలా వద్దా అన్నది కాదు. పట్టిన తుపాకీ ఎవరి వైపు తిరుగుతోంది అన్నది.

2021 మధ్య నుంచి పట్టణాల్లో, పల్లెల్లో వార్డు అధికారులు, గ్రామాధికారులు హత్యకు గురవుతూ వచ్చారు. కొన్నింటిని స్థానిక దళాలు తామే చేశామని ప్రకటించుకున్నాయి. చాలావాటికి బాధ్యులెవరో తేలలేదు. సైన్యమే చేయించి మీ మీదికి నెట్టినవీ ఉండవచ్చు. ఆ ఏడాది మే, జూన్ నెలల్లో బడులు తెరిచినప్పుడు బడుల దగ్గర బాంబులు పేలాయి. విద్యుత్ కార్యాలయాల మీద, బిల్లుల వసూలుకు వెళ్లే సిబ్బంది మీద దాడులు జరిగాయి. తిరిగి ఉద్యోగంలో చేరిన ఉపాధ్యాయుల ఫొటోలు, చిరునామాలు సామాజిక మాధ్యమాల్లో పెట్టి ‘సామాజిక శిక్ష’ పేరుతో వెలి వేశారు. ఆ జాబితాల్లో సైనికాధికారుల పిల్లలు కూడా చేరారు.

వార్డు అధికారి ఊరికే సంతకాలు పెట్టేవాడు కాదని మీరు అంటారు. నిజమే. ఏ ఇంట్లో ఎవరు రాత్రి పడుకున్నారో సైన్యానికి నమోదు చేసి ఇచ్చేది అతనే. అతను చెప్పిన చిరునామాకు అర్ధరాత్రి సైనికులు వచ్చి పిల్లవాడిని పట్టుకుపోతారు, మరునాడు శవాన్ని తీసుకువెళ్లమని కబురు వస్తుంది. ఆ పిల్లవాడి అన్న చేతికి తుపాకీ దొరికితే ఏం చేస్తాడో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఆ అన్నను నేను తప్పుపట్టలేను. కానీ మీరు ఆ అన్న కాదు. మీరు ప్రభుత్వం అని చెప్పుకుంటున్నారు. దళాలకు ప్రవర్తనా నియమావళి రాసి ప్రకటించారు. మీ ఆధీనంలో ఉన్న ప్రాంతాల్లో న్యాయస్థానాలు పెట్టామంటున్నారు. ఆ నియమావళిని మీరు ఎవరి మీద అమలు చేశారో, ఏ కేసులో ఏ తీర్పు వచ్చిందో ప్రజలకు కేసు వారీగా చెప్పినప్పుడే ఆ మాటకు విలువ.

ఈ హత్యల ఫలితం ఏమిటో కూడా చూడండి. 2021లో వందలాది వార్డు, గ్రామాధికారులు రాజీనామాలు చేశారు. భయంతో కొందరు, సిగ్గుతో కొందరు, మనస్ఫూర్తిగా మరికొందరు. భయంతో రాజీనామా చేసినవాడు కూడా రాజీనామా చేసినట్టే కదా అని మీ దళ నాయకులు లెక్క వేసి ఉంటారు. కానీ మిగిలినవాళ్లు ఏం చేశారు? సైన్యం దగ్గరికి వెళ్లి తుపాకులు అడిగారు. సగాయింగ్, మాగ్వేలలో ప్యూ సా ఠీ పేరుతో తయారైన ముఠాల్లో సైన్యం పనిగట్టుకుని చేర్చుకున్నవాళ్లతో పాటు, తమనూ చంపుతారన్న భయంతో చేరినవాళ్లూ ఉన్నారు. ఆ ముఠాలే సైన్యానికి దారి చూపించి పొరుగూళ్లను తగలబెట్టించాయి. 2022 ఏప్రిల్‌లో మాండలేలో ‘త్వే తౌక్’ అనే, సైన్యానికి కొమ్ముకాసే హంతక ముఠా ఎన్‌ఎల్‌డీ కార్యకర్తలను చంపడం మొదలుపెట్టింది. సైన్యాన్ని ఒంటరిని చేయడం మీ ఉద్యమం సాధించిన అతిపెద్ద విజయం. అలాంటి సైన్యానికి ఊళ్లలో మనుషులను వెతికిపెట్టింది ఈ హత్యలే.

ఇక్కడ మా వాళ్ల కథ ఒకటి చెప్పాలి. 1930 మే నెలలో రంగూన్ ఓడరేవులో కూలీలు జీతాల పెంపు కోసం సమ్మె చేశారు. వాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లు. ఓడల కంపెనీల గుత్తేదార్లు వాళ్ల బదులు బర్మా కూలీలను పనిలోకి తెచ్చారు. సమ్మె తీరి తెలుగువాళ్లు పనికి తిరిగి వస్తే, బర్మా కూలీలను పొమ్మన్నారు. మే 26న రేవు దగ్గర మొదలైన కొట్లాట ఊరంతా పాకింది, వందమందికి పైగా చనిపోయారు. జీతం తక్కువిచ్చిన కంపెనీవాడికి, ఇద్దరినీ ఆడించిన గుత్తేదారుకు ఒక్క దెబ్బ తగల్లేదు. బర్మా కూలీ కూడా ఆకలితోనే ఆ రేవుకు వచ్చాడు. అతని మీద మా వాళ్లకున్న కోపం, మా వాళ్ల మీద అతనికున్న కోపం రెండూ పైవాడికి పనికొచ్చాయి. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆ రెండు జాతుల పేదల మధ్య పడిన గోడ కూలలేదు.

మీ ఉపాధ్యాయులు ఎందుకు తిరిగి వెళ్లారు? సైన్యం మీద ప్రేమ పుట్టుకొచ్చి వెళ్లలేదు. క్వార్టర్లు ఖాళీ చేయించారు. 2021 జులైలో కోవిడ్ మూడో విడత ఊళ్లను ఊడ్చేస్తున్నప్పుడు ప్రాణవాయువు సిలిండరు కోసం జనం వరసల్లో నిలబడ్డారు, దాన్ని కూడా సైన్యం కట్టడి చేసింది. ఆ ఒక్క ఏడాదే ఆర్థిక వ్యవస్థ 18 శాతం కుంచించుకుపోయిందని ప్రపంచ బ్యాంకు లెక్క కట్టింది. తిరుగుబాటుకు ముందు డాలరుకు 1,330 క్యాట్ల దగ్గర ఉన్న మారకం 2024 నాటికి బయటి మార్కెట్లో మూడు రెట్లకు పైగా పెరిగింది. బియ్యం, నూనె ధరలు దానితో పాటే పైకి పోయాయి. ఏడాది పాటు జీతం లేకుండా నిలబడి, చివరికి పిల్లల కోసం తల వంచిన మనిషిని ద్రోహి అంటే, ఆ ఏడాది పాటు ఆమె చేసిన త్యాగాన్ని కూడా మీరు కొట్టిపారేసినట్టే. ఆమె మళ్లీ ఎప్పుడైనా మీ వైపు రావడానికి దారి మూసేసినట్టే.

మైటెల్ విషయమే చూడండి. సిమ్ కార్డు విరిచేయడం ఎవరింట్లో వాళ్లు చేయగల పని, దానికి ప్రాణాలకు తెగించనక్కర్లేదు, లక్షలమంది చేశారు. సైన్యం ఆదాయానికి గండి పడింది. తర్వాత దళాలు మైటెల్ టవర్లను పేల్చడం మొదలుపెట్టాయి, వందల టవర్లు కూలాయి. దాంతో పల్లెల్లో ఫోన్లు మూగబోయాయి. అదే కాలంలో సైన్యం కూడా సగాయింగ్‌లో ఇంటర్నెట్ కోసేస్తోంది. విమానం వస్తోందని పక్క ఊరికి హెచ్చరిక పంపవలసిన రైతుకు సిగ్నల్ ఎవరు పోగొట్టారన్న తేడా ఏముంటుంది? కరెంటు బిల్లు కట్టకపోవడం, బిల్లు తెచ్చినవాడిని కాల్చడం కూడా ఇలాంటివే. మొదటిదానిలో ముసలమ్మ కూడా సైనికురాలు. రెండోదానిలో ఆమెకు పాత్ర లేదు, తలుపు గడియ వేసుకుని కూర్చోవడం తప్ప.

మీ దేశ చరిత్రలోనే ఇంతకన్నా చేదు పాఠం ఉంది. 1988లో సైన్యం కాల్పుల నుంచి తప్పించుకుని అడవికి వెళ్లిన విద్యార్థులు ఒక సైన్యం కట్టుకున్నారు. కచిన్ కొండల్లో పాజావ్ శిబిరంలో ఉన్న వాళ్ల ఉత్తర దళం తమలోనే గూఢచారులున్నారని అనుమానించి, తోటి విద్యార్థులను చిత్రహింసలు పెట్టి, 1992 ఫిబ్రవరి 12న పదిహేను మందిని చంపింది. ఆ సంస్థే చాలా ఏళ్ల తర్వాత విచారణ జరిపించవలసి వచ్చింది. అనుమానమే సాక్ష్యమైన చోట మంచి ఆశయాలు ఎవరినీ కాపాడలేవని ఆ తరం వాళ్లకు తెలుసు. వాళ్లలో కొందరు ఇప్పుడు మీ చుట్టూనే ఉన్నారు. వాళ్లను పిలిచి అడగండి.

గట్టిగా నిలదీస్తే, యుద్ధం నడుస్తోంది, ఇవన్నీ గెలిచాక చూసుకుందాం అంటారేమో. యుద్ధం ఎలా గెలుస్తారన్నదే నా ప్రశ్న. 2023 అక్టోబరు 27న మూడు జాతుల సాయుధ సంస్థల కూటమి మొదలుపెట్టిన దాడితో ఉత్తర షాన్ రాష్ట్రంలో సైన్యం కుప్పకూలింది. 2024 జనవరిలో లౌక్కాయ్‌లో రెండు వేలమందికి పైగా సైనికులు, ఆరుగురు బ్రిగేడియర్ జనరళ్లతో సహా, లొంగిపోయారు. వాళ్లను చంపకుండా పంపించివేశారు. అలా తిరిగి వెళ్లిన బ్రిగేడియర్లలో ముగ్గురికి మరణశిక్ష వేసింది ఎవరు? వాళ్ల సొంత సైన్యం. ఎవరి వైపు ఉంటే బతుకుతామో ఆ వార్త విన్న ప్రతి సైనికుడికీ అర్థమై ఉంటుంది. ఆగస్టులో లాషియో పట్టణం పడింది, ఒక ప్రాంతీయ సైనిక ప్రధాన కేంద్రం సైన్యాన్ని ఎదిరించేవాళ్ల చేతికి రావడం మీ దేశ చరిత్రలో అదే మొదటిసారి. అంత కష్టపడి గెలిచిన ఊరిని 2025 ఏప్రిల్‌లో చైనా ఒత్తిడితో తిరిగి సైన్యానికి అప్పగించవలసి వచ్చింది. సరిహద్దు మూస్తే తూటాలు ఆగిపోతాయి. పొరుగు రాజధానిలో ఎవరో మనసు మార్చుకుంటే గెలిచిన పట్టణాలు పోతాయి. బిల్లు కట్టని కుటుంబాన్ని, బడికి పోని ఉపాధ్యాయుడిని, సైన్యంలో చేరని కుర్రవాడిని బీజింగ్ ఎవరికీ తిరిగి అప్పగించజాలదు.

2024 ఫిబ్రవరి నుంచి నిర్బంధ సైనిక సేవ చట్టం అమలవుతోంది. ఇప్పుడు మీకు ఎదురుగా కందకంలో ఉన్నవాడు బహుశా ఆరు నెలల కిందట టీ దుకాణంలో కప్పులు కడిగిన పిల్లవాడు. అతను పారిపోయి మీ దగ్గరికి రావాలంటే, వస్తే బతుకుతానన్న నమ్మకం అతనికి కావాలి. వార్డు గుమాస్తాను కాల్చినవాళ్లు తనను వదిలిపెడతారని అతను ఎలా నమ్ముతాడు?

నిరాకరణ కాలం ముగిసిపోయిందని మీలో కొందరు అనుకుంటున్నట్టుంది. నాకు అలా కనిపించడం లేదు. 2025 అక్టోబరు 6న, తదింజుత్ పున్నమి రాత్రి, సగాయింగ్‌లోని చౌంగ్ ఊలో జనం కొవ్వొత్తులు వెలిగించి, నిర్బంధ సైనిక సేవ వద్దని, ఖైదీలను విడిచిపెట్టాలని కూడారు. మోటారు అమర్చిన పారాగ్లైడర్ల మీద వచ్చిన సైనికులు వాళ్ల మీద బాంబులు వేశారు. ఇరవై మందికి పైగా చనిపోయారు. నాలుగున్నరేళ్ల యుద్ధం తర్వాత, సాయుధ పోరాటానికి గుండెకాయ లాంటి సగాయింగ్‌లో, చేతిలో ఏమీ లేకుండా కూడే జనం ఉన్నారంటే వాళ్లకు మీరు ఏం ఇస్తున్నారో ఆలోచించండి.

2025 డిసెంబరు 28న సైన్యం విడతలవారీగా ఎన్నికలు మొదలుపెట్టింది. ఎన్‌ఎల్‌డీని రద్దు చేసి, సూచీని జైల్లో ఉంచి, విమర్శించినవాళ్లను కొత్త చట్టం కింద అరెస్టు చేసి జరిపిన తంతు అది. దాన్ని బహిష్కరించమని మీరు పిలుపునివ్వడం సరైనదే. తొలి విడతలో సైనిక ప్రభుత్వం చెప్పుకున్న పోలింగే 52 శాతం. 2020లో అది 70 శాతం దాకా ఉంది. భయపెట్టినా ఇంట్లోనే కూర్చుండిపోయిన జనం మీకు వేసిన ఓటు అది. కానీ ఎన్నికల కేంద్రాల మీద, ఎన్నికల కార్యాలయాల మీద దాడుల వార్తలు కూడా వచ్చాయి. పోలింగ్ కేంద్రంలో కూర్చునేది ఎవరు? మళ్లీ అదే బడిపంతులు. ఒక్క పేలుడు చాలు, ‘జనం రాకపోవడానికి కారణం ఉగ్రవాదుల భయం’ అని సైన్యం ప్రపంచానికి చెప్పుకోవడానికి. మీ ప్రజల నిరాకరణను మీ దళాలే అలా సైన్యం ఖాతాలో వేయడం నాకు ఎంతో బాధ కలిగించింది.

మీరు ఇప్పుడు చేయగలిగినవి ఉన్నాయి. మొదట ఒక ప్రకటన కావాలి, బర్మీస్‌లోనూ అన్ని జాతుల భాషల్లోనూ: పనికి వెళ్లినందుకు, ఓటు వేసినందుకు, బిల్లు వసూలు చేసినందుకు, సైనికుడి బంధువు అయినందుకు ఎవరినీ ముట్టుకోకూడదని. ఆయుధం పట్టినవాడు, దాడికి దారి చూపినవాడు వేరు, వాళ్లను పట్టుకుంటే విచారించాలి, మరణశిక్ష ఉండకూడదు. 2022 జులైలో సైన్యం ఎన్‌ఎల్‌డీ మాజీ పార్లమెంటు సభ్యుడు ఫ్యో జెయా థాను, 1988 ఉద్యమ నాయకుడు కో జిమ్మీని, మరో ఇద్దరిని ఉరితీసినప్పుడు మీ ప్రజలు ఎంత తల్లడిల్లారో మరవకండి. ఆ తీర్పులకూ మీ తీర్పులకూ తేడా కనబడాలి. ఇప్పటివరకు జరిగిన హత్యల్లో మీ దళాలకు సంబంధం ఉందన్న ఆరోపణలు వచ్చినవాటిని, తేల్చినా తేల్చలేకపోయినా, ఒక్కొక్కటిగా బయటపెట్టాలి.

డబ్బు సంగతి కూడా అడగాలి. 2021 ఆగస్టులో మీరు వసంత లాటరీ పెట్టినప్పుడు టికెట్ల మీద వచ్చిన సొమ్ములో 70 శాతం సమ్మె ఉద్యోగులకు ఇస్తామన్నారు, జనం ఎగబడి కొన్నారు. తర్వాత తర్వాత మీ ఖర్చులో పెద్ద వాటా యుద్ధానికే పోయింది. సమ్మెలో నిలిచిన నర్సు ఇప్పుడు ఎక్కడో సరిహద్దులో కూలికి పోతోంది. యుద్ధానికి డబ్బు అవసరం లేదని నేను అనను. కానీ తిరిగి పనికి పోకుండా ఒక ఉపాధ్యాయురాలిని నిలబెట్టడానికి అయ్యే ఖర్చు, ఆమె పోయాక ఆమెను శిక్షించడానికి అయ్యే ఖర్చు కన్నా చాలా తక్కువ. మీ ఆధీనంలోని బడుల్లో చదివిన పిల్లల ధ్రువపత్రాలను పొరుగు దేశాలు గుర్తించేలా పట్టుబట్టండి. పిల్లల చదువు పోతోందన్న భయమే ఎక్కువమంది తల్లిదండ్రులను సైన్యం బడుల వైపు నెడుతోంది.

రోహింగ్యాల గురించి ఒక్క మాట. 2017లో ఏడు లక్షలమందికి పైగా బంగ్లాదేశ్ పారిపోయినప్పుడు మీ సమాజంలో చాలామంది మౌనంగా ఉన్నారు. తిరుగుబాటు తర్వాత వీధుల్లో ఉన్న కుర్రకారు వాళ్లకు బహిరంగంగా క్షమాపణ చెప్పారు, 2021 జూన్ 3న మీ ప్రభుత్వం, వాళ్లను పౌరసత్వానికి దూరం చేసిన 1982 పౌరసత్వ చట్టాన్ని మారుస్తామని మాట ఇచ్చింది. ఆ మాట మీద నిలబడండి. ఇప్పుడు రోహింగ్యాల ప్రాంతమైన రఖైన్ రాష్ట్రంలో ఎక్కువ భాగం రఖైన్ జాతి సాయుధ సంస్థ అరకాన్ ఆర్మీ చేతిలో ఉంది, దాని మీద రోహింగ్యాలను చంపిన ఆరోపణలు ఉన్నాయి. అది మీ ఆధీనంలో లేదని నాకు తెలుసు, అయినా మీరు నోరు విప్పాలి.

మా వైపు నుంచి చేయవలసింది కూడా ఉంది, మీకు చెప్పి ఊరుకుంటే సరిపోదు. తిరుగుబాటు తర్వాత భారతదేశంలోని సంస్థల నుంచి, ప్రభుత్వ రంగ సంస్థలతో సహా, 5 కోట్ల 10 లక్షల డాలర్ల విలువైన ఆయుధాలు, సామగ్రి మీ దేశ సైన్యానికి చేరాయని ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి టామ్ ఆండ్రూస్ 2023 మే నెలలో వెల్లడించారు. చిన్ కొండల నుంచి వచ్చినవాళ్లను మిజోరం ప్రజలు తమ ఇళ్లలో పెట్టుకున్నారు. కేంద్రం మాత్రం 2024 ఫిబ్రవరిలో సరిహద్దు రాకపోకల వెసులుబాటును రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది. ఆయుధాల ఎగుమతి ఆపాలని, శరణార్థులను వెనక్కి పంపకూడదని, డిసెంబరు ఎన్నికలను గుర్తించకూడదని మా పార్లమెంటు సభ్యులకు వేరుగా రాస్తున్నాను. ఉత్తరాంధ్రలోని బర్మా కాందిశీకుల కుటుంబాల సంతకాలు ఆ లేఖ మీద ఉండాలని ప్రయత్నిస్తున్నాను. సంతకం పెట్టేముందు వాళ్లలో చాలామంది, ‘మీరు సమర్థించే దళాలు టీచర్లను చంపుతున్నాయట కదా’ అని నన్ను అడుగుతున్నారు. వాళ్లకు చూపించడానికి మీ ప్రకటన నాకు కావాలి.

గౌరవంతో,
విశాఖపట్నం నుంచి మీ శ్రేయోభిలాషి